రక్తం తక్కువ, బీపీ ఎక్కువ: మీ ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లలో సగానికి పైగా రక్తం, గుండె, రక్తనాళాల గురించే. చాలామంది రిపోర్టు ఫొటో పెట్టి "ఈ నంబరు పెరగాలంటే ఏం తినాలి, తగ్గాలంటే ఏం మానేయాలి" అని అడిగారు. ఆ నంబరు అసలు ఎందుకలా ఉందని అడిగినవాళ్లు తక్కువ. నేను మాత్రం అక్కడినుంచే మొదలుపెడతాను, విసుక్కోకండి. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నచోట కుదించాం.

నా వయసు 38. హిమోగ్లోబిన్ 8.2 ఉంది. రెండేళ్లుగా బీట్‌రూట్ జ్యూస్, దానిమ్మ, ఖర్జూరం తింటూనే ఉన్నాను. టానిక్ తాగినన్నాళ్లు 10 దాకా వెళ్తుంది, ఆపితే మళ్లీ దిగుతుంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడుతోంది. పచ్చి బియ్యం నమలకుండా ఉండలేకపోతున్నాను. రక్తం ఎక్కించుకోమంటున్నారు, ఎక్కించుకోనా? – గృహిణి, తెనాలి

మీ ఉత్తరంలో ముందు నా కంట పడింది బియ్యం సంగతి. పచ్చి బియ్యం, సుద్దముక్క, మట్టి, ఐసు ఇలాంటివి నమలాలనిపించడం ఒంట్లో ఐరన్ బాగా తగ్గిందనడానికి పాత గుర్తు. బియ్యం తింటే రక్తం విరిగిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు తిడుతుంటారు కానీ, ఐరన్ తగ్గబట్టే ఆ యావ పుడుతుంది, ఐరన్ సరిపడా అందాక చాలామందిలో దానంతటదే పోతుంది కూడా.

ఇక బీట్‌రూట్. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని మనవాళ్ల నమ్మకం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు, మీ వయసు ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెబుతోంది. తాగండి, తప్పేం లేదు, కానీ 8.2ని 12 చేయడం దానివల్ల కాదు.

టానిక్ తాగితే ఎక్కి, ఆపగానే దిగుతోందంటే పెడుతున్నది ఎక్కడినుంచో బయటికి పోతోందన్నమాట. రెండు పేజీల ఉత్తరంలో నెలసరి గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు! గంట, రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా, వారం దాటినా ఆగడం లేదా? "మా అమ్మకీ ఇంతే, మా అక్కకీ ఇంతే" అని సర్దుకుపోయేవాళ్లు ఎంతమందో. అవునంటే ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు ఉన్నాయేమో స్కానింగ్‌లో తెలుస్తుంది, థైరాయిడ్ కూడా చూస్తారు. నెలసరి మామూలుగానే ఉంటే అప్పుడు పొట్ట వైపు చూడాలి: పైల్స్ నుంచి రక్తం పోవడం, ఒళ్లు నొప్పులకి రోజూ వేసుకునే మాత్రల వల్ల పడిన అల్సర్, చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లలో కొంకిపురుగులు. ఇదే 8.2 అరవై ఏళ్ల మగవాళ్లకో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకో వచ్చి, అది ఐరన్ లోపమే అని తేలితే మాత్రం ఎండోస్కోపీ, కొలనోస్కోపీ దాకా వెళ్లాల్సిందే, ఎందుకంటే పేగుల్లో క్యాన్సర్ ముందుగా ఇలా రక్తహీనతగానే బయటపడొచ్చు.

సీబీపీతో (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) పాటు ఫెరిటిన్ కూడా చేయించండి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో దాంతో తెలుస్తుంది. తక్కువుంటే మాత్రలు వాడాలి, అదీ వాడే పద్ధతిలో. ఖాళీ కడుపున, నిమ్మరసంతోనో నారింజతోనో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర ఏదైనా సరే రెండు గంటలు ఎడం ఉండాలి. మనలో చాలామంది పొద్దున టీ గ్లాసు ఒక చేత్తో, ఐరన్ మాత్ర ఇంకో చేత్తో పట్టుకునే రకం, అందుకే నెలల తరబడి వాడినా లెక్క కదలదు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. కడుపులో తిప్పితే డాక్టరుతో చెప్పి రోజు విడిచి రోజు వేసుకోవచ్చు, శరీరం ఐరన్‌ని పీల్చుకోవడం అలా మెరుగ్గానే ఉంటుంది. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు ఆపకండి, నిల్వలు నిండాలి. మీరు ప్రతిసారీ 10 దగ్గర ఆపేస్తున్నారు.

రక్తం ఎక్కించడం అంటారా, గుండె జబ్బు లేకుండా, రక్తం ధారగా పోకుండా, లేచి తిరుగుతున్న మనిషికి 8.2 దగ్గర మామూలుగా అవసరం పడదు, సాధారణంగా 7 కంటే కిందకి దిగితేనే ఆ ఆలోచన. మాత్రలు పడకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఒక్క మాట, ఇందులో మీరు ఒంటరి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత పాలు, పెరుగు, పప్పు తినే మన ఇళ్లలో సగం మందికి పైగా!

పక్క సందులో ఆర్ఎంపీ దగ్గర చూపిస్తే మా మామగారి బీపీ 160/100 వచ్చింది, ఇంట్లో మిషన్‌తో చూస్తే 138, ఒక్కోసారి 146. ఏది నమ్మాలి? బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి, అలవాటైపోతుంది అని ఆయన వేసుకోవడం లేదు. – కోడలు, కరీంనగర్

మిషన్ కంటే ముందు చూసిన పద్ధతిని అనుమానించాలి. బండి దిగి, మెట్లెక్కి, కుర్చీలో కూర్చోగానే చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టేసి, పక్కవాళ్లతో కబుర్లు చెబుతుండగా చూస్తే ఎవరికైనా పెరిగే ఉంటుంది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, వీపు కుర్చీకి ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు, మూత్రానికి వెళ్లాల్సి ఉంటే ముందు వెళ్లిరావాలి. చూస్తున్నంతసేపు మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా కనిపిస్తుంది. ఇలా పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం పాటు రాసుకుని, మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85, లేదంటే అంతకన్నా ఎక్కువ ఉంటే బీపీ ఉన్నట్టే. మీ మామగారి లెక్కలు చూస్తే ఉన్నట్టే కనిపిస్తోంది.

ఇక "అలవాటైపోతుంది" అన్న మాట. బీపీ మాత్ర సిగరెట్ లాంటి వ్యసనం కాదు. వాడినన్నాళ్లు బీపీ అదుపులో ఉంటుంది, మానేస్తే ఎప్పటిలా పెరుగుతుంది, అంతే సంగతి. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, రోజూ నడిచి డోసు తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు, కొందరికి పూర్తిగా ఆపడం కూడా కుదిరింది. మాత్ర మానేసి పక్షవాతంతో వచ్చిన వాళ్లని కూడా మేం చూస్తూనే ఉంటాం. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదు అనుకోవడం మరీ ప్రమాదం, చాలామందికి 180 ఉన్నా ఒంట్లో ఏమీ తెలియదు.

ఉప్పు రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను కన్నా తక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, మజ్జిగలో మళ్లీ చిటికెడు వేసుకుంటే ఆ లెక్క ఎక్కడికి పోతుంది? మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా బీపీ పెంచుతాయి, కిడ్నీలనీ దెబ్బతీస్తాయి, మీ మామగారు అవి వాడుతున్నారేమో అడగండి.

బీపీకి అమ్లోడిపిన్ మొదలుపెట్టాక సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తున్నాయి. కిడ్నీ పాడైందా? – రిటైర్డు ఉద్యోగి, విజయనగరం

చాలావరకు మాత్ర వల్లే. డోసు పెద్దదైతే ఇంకా ఎక్కువ. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ ఒకసారి చూపించుకుని, అవి బాగుంటే డోసు తగ్గించమనో మందు మార్చమనో మీ డాక్టరుని అడగండి. మీ అంతట మీరు ఆపేయొద్దు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పెడితే మాత్రం అది వేరే కథ, నరంలో రక్తం గడ్డకట్టిందేమో ఆరోజే డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్) చేయించాలి.

నాకు 52, షుగర్ ఉంది. రెండు నెలలుగా భోజనం చేశాక నడిస్తే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది, తేన్పు వస్తే బాగుండు అనిపిస్తుంది. నిలబడితే ఐదు నిమిషాల్లో పోతుంది. గ్యాస్ అని మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్లలు వాడుతున్నాను. ఈసీజీ తీయిస్తే నార్మల్. ఎండోస్కోపీ చేయించుకోవాలా? – చిన్న వ్యాపారి, ఖమ్మం

ఎండోస్కోపీ తర్వాత. ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఈ వారంలోనే. ఈ పేజీలో మిగతా ఉత్తరాలన్నీ వదిలేసినా మీది వదిలేవాడిని కాదు.

గ్యాస్‌కి మీరు నడుస్తున్నారో కూర్చున్నారో తెలియదు. నడిస్తే వచ్చి, ఆగితే పోయేది, పట్టేసినట్టు, బరువు పెట్టినట్టు ఉండేది యాంజైనా, అంటే గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడి, పని ఎక్కువైనప్పుడు సరఫరా చాలకపోవడం. భోజనం తర్వాత ఎక్కువగా రావడం కూడా దాని లక్షణమే, దాన్నే మనవాళ్లు గ్యాస్ లెక్కలో వేస్తారు. విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఇలాంటివాళ్లలో చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే ఆ సమయంలో గుండెకి కష్టం లేదు. "ఈసీజీ నార్మల్, గుండె బాగుంది" అని ఇంటికి పంపించడం నాకు నచ్చని పనుల్లో ఒకటి. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, అవసరాన్ని బట్టి సీటీ యాంజియోగ్రామో మామూలు యాంజియోగ్రామో చేస్తారు. ఈలోపు బరువులు ఎత్తడం, తిన్న వెంటనే నడవడం పెట్టుకోకండి, సిగరెట్ ఉంటే ఇవాళే మానేయండి.

బ్లాక్ ఉందంటే స్టెంటే వేయాలా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. మీలా కష్టపడితేనే వచ్చే స్థిరమైన నొప్పిలో ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గుండె వేగం తగ్గించే మందులతో చాలామంది బాగుంటారు. స్టెంటు నొప్పిని బాగా తగ్గిస్తుంది కానీ అందరికీ ఆయుష్షు పెంచుతుందని లేదు. ఎడమవైపు ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నా, మందులు వాడుతున్నా నొప్పి తగ్గకపోయినా లెక్క మారుతుంది. టేబుల్ మీద పడుకోబెట్టి "ఇప్పుడే సంతకం పెట్టండి" అంటే, ఇది అర్జెంటా, రెండు రోజులు ఆలోచించుకోవచ్చా అని అడిగే హక్కు మీకుంది. ధర విషయానికొస్తే, 2017 ఫిబ్రవరి నుంచి స్టెంట్ల ధరకి ప్రభుత్వం పరిమితి పెట్టింది, బిల్లులో స్టెంటు ధర విడిగా రాయమని అడగండి.

గుండెపోటు దీనికి భిన్నం. కూర్చున్నా తగ్గకుండా పదిహేను ఇరవై నిమిషాలు నొప్పి, చెమటలు ధారగా, దవడకో ఎడమ చేతికో పాకడం, వాంతి వచ్చినట్టు ఉండటం. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో నొప్పి లేకుండా ఉట్టి ఆయాసం, నీరసంగానే రావచ్చు, మీకు షుగర్ ఉంది కాబట్టి గుర్తుపెట్టుకోండి. అలాంటప్పుడు సోడా తాగి, వీపు రుద్దించుకుని, తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. 108కి ఫోన్ చేయండి, బండి మీరు నడపొద్దు. ఆస్పిరిన్ అంటే ఎలర్జీ గానీ, రక్తం కక్కుకున్న అల్సర్ గానీ లేకపోతే ఎకోస్ప్రిన్ 75 మాత్రలు నాలుగు నమిలి మింగండి, అదే మూతి వంకర పోయి, మాట తడబడితే అది పక్షవాతం, అప్పుడు ఆస్పిరిన్ వేయొద్దు. పక్కింటాయన జేబులో ఉన్న సార్బిట్రేట్ (రక్తనాళాలని వదులు చేసే గుండె మాత్ర) నాలుక కింద పెట్టేయడం మనకో అలవాటు, బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉన్నారు, మీ డాక్టరు మీకు రాసిస్తేనే వాడాలి, అదీ కూర్చుని. వాట్సాప్‌లో తిరిగే "గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుంది" అన్నది ఉత్త మాట, దగ్గుతూ కూర్చుంటే కరిగేది సమయం. యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రి రెండు గంటల్లో అందకపోతే దగ్గర్లోని ఆసుపత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేయించుకుని తర్వాత పెద్ద ఊరికి వెళ్లడం మేలు. "హైదరాబాద్ తీసుకెళ్లిపోదాం" అని నేరుగా బయల్దేరి దారిలో గంటలు పోగొట్టుకోకండి.

నాకు 34. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి గుండె కవాటం పాడైతే మూడేళ్ల క్రితం మెటల్ వాల్వు వేశారు. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ వాడుతున్నాను. ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారని గోంగూర కూడా ముట్టడం లేదు, అయినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చెప్పే లెక్క) ఒక నెల 1.6, ఒక నెల 4.8. రెండో బిడ్డ కావాలని ఇంట్లో అడుగుతున్నారు. – అంగన్‌వాడీ టీచరు, శ్రీకాకుళం జిల్లా

ఆకుకూరలు మానేయాల్సిన పనిలేదు. వాటిలోని విటమిన్ కె అసిట్రోమ్‌కి ఎదురు పనిచేస్తుంది నిజమే, కానీ తిప్పలంతా ఒకవారం ఏమీ తినకుండా, తర్వాతి వారం రోజూ తోటకూర, మునగాకు, గోంగూర తినడంతోనే. వారానికి ఇంత అని ఒకేలా తినండి, దానికి తగ్గట్టు డోసు కుదురుతుంది. ఐఎన్ఆర్ 4.8 వచ్చిన నెలలో ఏ మందులు వాడారో గుర్తుచేసుకోండి. విరేచనాలకి మెట్రోనిడజోల్, తామరకి ఫ్లూకొనజోల్, మూత్రంలో మంటకి సల్ఫా మాత్రలు, ఇవన్నీ ఐఎన్ఆర్‌ని అమాంతం లేపుతాయి, నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం తెస్తాయి. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమవైపు పై గది, కింది గది మధ్య) మెటల్ వాల్వు ఉంటే మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. 1.6 నాకు ఎక్కువ భయం, వాల్వు మీద గడ్డకడితే ప్రాణం మీదకొస్తుంది. ఒక పూట మర్చిపోతే ఆరోజు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. కొత్త రకం రక్తం పలచబరిచే మందులు, టెస్టులు అక్కర్లేదని చెప్పేవి, మెటల్ వాల్వుకి పనికిరావు, ఎవరైనా మార్చమంటే ఒప్పుకోకండి. పన్ను పీకించుకోవాల్సి వస్తే వాల్వు ఉందని ముందే చెప్పండి, గంట ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ రాసి ఉంటే వాల్వు మార్చారు కదా అని ఆపకండి.

బిడ్డ సంగతి. నెల తప్పాక రావడం కాదు, ముందే రండి. అసిట్రోమ్ మొదటి మూడు నెలల్లో బిడ్డకి అవకరాలు తేవచ్చు, ఇంజెక్షన్లకి మారిస్తే వాల్వు మీద గడ్డ భయం, రెండిట్లో ఏది ఎప్పుడన్నది మీ డోసుని బట్టి కార్డియాలజిస్టు, గైనకాలజిస్టు కలిసి నిర్ణయించాలి. మీకు ఒక బిడ్డ ఉంది. వద్దనుకున్నా అది మీ నిర్ణయం, అత్తగారికి నా పేరు చెప్పండి.

డెంగీతో మా అబ్బాయి ప్లేట్‌లెట్లు 42,000కి పడ్డాయి. బొప్పాయి ఆకు రసం పోస్తున్నాం. ప్లేట్‌లెట్లు ఎక్కించాలని ఆరుగురు దాతలని తెమ్మన్నారు. – తండ్రి, విజయవాడ

ఉత్తరం అచ్చయ్యేసరికి బాబు కోలుకునే ఉంటాడని ఆశిస్తూ, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. రక్తస్రావం లేనివాళ్లకి 42,000 దగ్గర ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పనిలేదు, 10,000 లోపుకి పడితేనో, రక్తం పోతుంటేనో ఆలోచిస్తారు. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లేట్‌లెట్ల లెక్క కాదు, రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోవడం. అందుకే రిపోర్టులో ప్లేట్‌లెట్ల పక్కనే ఉండే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతోందా అని చూడాలి, మూత్రం సరిగ్గా వస్తోందా చూడాలి. జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త ఎక్కువ కావాలి: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, చేతులు చల్లబడటం, వీటిలో ఏదొచ్చినా ఆసుపత్రికి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. బొప్పాయి ఆకు రసం పోసినా పోయకపోయినా ప్లేట్‌లెట్లు కొద్దిరోజుల్లో వాటంతటవే పెరుగుతాయి, వాంతులవుతున్న పిల్లాడి నోట్లో ఆ చేదు పోయడం ఎందుకు, ఓఆర్ఎస్ పట్టండి.

టిఫిన్ సెంటర్ నడుపుతాను, పొద్దున నాలుగు నుంచి పెనం దగ్గర నిలబడాలి. పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగాయి. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి దురద. గోకితే రక్తం చిమ్మింది. – రాజమండ్రి

వేరికోస్ వెయిన్స్. కాళ్ల నుంచి రక్తం పైకి వెళ్లే సిరల్లో కవాటాలు వదులై, రక్తం కిందకే దిగి నిలిచిపోతోంది. చర్మం నల్లబడిందంటే పుండు పడే దశకి దగ్గర్లో ఉన్నారు, ఇక వాయిదా వేయకండి. డాప్లర్ తీసి, లేజర్‌తో ఆ సిరని మూసేస్తారు, చాలామంది ఆరోజో మర్నాడో ఇంటికొచ్చేస్తారు. సిర మూసేస్తే కాలికి రక్తం ఎలా అని భయపడతారు, లోపలి పెద్ద సిరలు ఆ పని చేసుకుంటాయి. కాలిని బిగించి పట్టే ప్రత్యేక మేజోళ్లు మంచం దిగకముందే వేసుకోవాలి, మీరు నాలుగింటికే పెనం దగ్గర ఉండాలి కాబట్టి మూడున్నరకే. మళ్లీ రక్తం చిమ్మితే కుర్చీలో కూర్చుని చూసుకోకండి, వెంటనే పడుకుని కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదమండి. పైన తాడు కట్టొద్దు.

నాకు 25. హిమోగ్లోబిన్ 10.4, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 62. రెండేళ్లు ఐరన్ వాడినా మారలేదు. ఇప్పుడు హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 5.2 అని, తలసీమియా మైనర్ అని చెప్పారు. మేనమామ కొడుకుతో పెళ్లి అనుకుంటున్నారు. ఆపేయాలా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

మీకు జబ్బు లేదు, మీరు క్యారియర్, అంటే ఆ జన్యువుని మోస్తున్నారంతే. ఫెరిటిన్ తక్కువ లేకపోతే ఐరన్ ఆపేయండి, అది మీకు పనిచేయదు. పెళ్లి ఆపాలో లేదో తేల్చాల్సింది అబ్బాయి రిపోర్టు. మేనరికం కాబట్టి అతనికీ ఇదే జన్యువు ఉండే అవకాశం బయటి సంబంధం కన్నా ఎక్కువ, అతనికి కూడా సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూసే పరీక్ష) చేయించండి. అతనికి లేకపోతే మీ పిల్లలకి తలసీమియా మేజర్ రాదు, మహా అయితే మీలాగే క్యారియర్ అవుతారు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకి నెలనెలా రక్తం ఎక్కించాల్సిన జబ్బు. అప్పుడు కూడా 11 వారాల తర్వాత గర్భంలోనే పరీక్ష చేసి తెలుసుకోవచ్చు, కానీ ముందు జన్యు సలహాకి ఇద్దరూ కలిసి వెళ్లండి. మీ అమ్మగారికీ నాన్నగారికీ పరీక్ష చేయిస్తే ఎవరి వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది, అమ్మగారి వైపు కాకపోతే మేనమామ ఇంటి గురించి దిగులు చాలావరకు తగ్గుతుంది. అయినా అబ్బాయి పరీక్ష మానొద్దు. ఈ రిపోర్టు దాచిపెట్టి ముహూర్తం పెట్టించకండి.